మోహనప్రియ ఆమోదిత ఎత్తు

మంచు గురించి నిష్పాక్షికంగా నిబంధనలు రాయగలిగేది మంచు కురవని దేశం ఒక్కటే. కురిసే దేశాల్లో జనం దాన్ని తొక్కి, దాని మీద జారి, పడి లేచి, ఎవరికి వారు సొంత అభిప్రాయాలు పెంచుకుని ఉంటారు. అలాంటివాళ్ల చేతికి చట్టం అప్పగించడం ప్రమాదం. మలేసియాకు ఆ బెడద లేదు. ఇక్కడి పౌరుడికి తెలిసిన మంచల్లా ఐస్ కచాంగ్, అంటే గిన్నెలో తురిమిన ఐసు మీద ఎర్ర సిరప్పు పోసి, ఉడికిన గింజలు చల్లి ఇచ్చేది. (నిబంధన రెండు, ఉపనిబంధన 'ఈ' ప్రకారం ఐస్ కచాంగ్ మంచు కిందికి రాదు. దాని మీద స్కీ చేసి దెబ్బలు తగిలించుకున్నవారికి ప్రభుత్వం బాధ్యత వహించదు.)

కనుక క్లాంగ్ పట్టణంలో, ఎండుచేపల కొట్టు మీద నాలుగో అంతస్తులో, స్కీ పొడవు నిర్ధారణ విభాగం వెలిసింది. స్కీలంటే కాళ్లకు తగిలించుకుని మంచు మీద జారే రెండు సన్నని పొడుగాటి పలకలు. మనిషి ఎత్తును బట్టి వాటి పొడవు ఉండాలి. మరీ పొడుగైతే తిరగవు, మరీ పొట్టివైతే నిలకడగా సాగవు. పలకను మనిషి పక్కన నిలబెట్టి, దాని కొస గడ్డానికీ ముక్కుకీ మధ్య తగిలితే సరిపోయిందనుకుంటారు లోకమంతా. దీనికి ఒక్క నిమిషం పడుతుంది. ఒక్క నిమిషంలో తేలిపోయే పని ప్రభుత్వం చేయదగ్గ పని కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ విభాగం మెట్లెక్కిన తొలి పౌరుల్లో బంటింగ్ అప్పడు ఒకడు. (లిఫ్టు ఉంది. దాని పొడవు నిర్ధారణ ఇంకా జరగలేదు.)

అప్పడు సుంగై సుమున్ దగ్గర ఎస్టేట్లో బతుకంతా పామాయిల్ గెలలు కోసినవాడు. పొడవాటి కర్రకు కట్టిన కొడవలితో తలెత్తి కోయడం, కింద పడ్డ గెలల్ని వంగి ఎత్తడం, ఈ రెండింటిలో రెండోదే అతని నడుముకు అలవాటైపోయి, చివరికి మనిషి వంగే ఉండిపోయాడు. భార్య పోయాక బంటింగ్‌లో కూతురు నాగవల్లి ఇంటికి చేరాడు. నాగవల్లి గ్లవ్స్ ఫ్యాక్టరీలో షిఫ్టు చూసుకుంటుంది. అల్లుడు లారీ మీద ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. ప్రతి ఇంటికీ క్యూలో నిలబడడానికి ఒక మనిషి కావాలి, ఈ ఇంటికి ఆ మనిషి అప్పడు. కరెంటాఫీసు, క్లినిక్కు, బడి అన్నీ అతనివే. ఎక్కడికెళ్లినా చంకలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు ఉంటుంది. అందులో ఇంటిల్లిపాది కాగితాల నకళ్లు, ఎందుకైనా మంచిదని పోయిన భార్యవి కూడా ఉంటాయి.

ఇంతటి అనుభవజ్ఞుడు స్కీల జోలికి వెళ్లింది పదకొండేళ్ల మనవరాలు మోహనప్రియ కోసం.

బడి పిల్లల్ని ఓ మాల్‌లో ఉన్న మంచు గదికి తీసుకెళితే, తోడు వెళ్లిన అప్పడు స్వెటరు లేక వణుకుతూ తలుపు దగ్గరే ఉండిపోయాడు. మిగతా పిల్లలంతా పడి ఏడుస్తుంటే మోహనప్రియ మాత్రం అద్దె స్కీల మీద కిందిదాకా జారుకుంటూ వచ్చి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. అక్కడి కోచ్ డారెన్ అది చూశాడు. డారెన్‌ది కూడా ఒకప్పటి ఎస్టేట్ కుటుంబమే, క్లాంగ్‌లో స్థిరపడ్డ క్రైస్తవులు. వాళ్లింట్లో తెలుగు పెద్దవాళ్లు తిట్టుకోవడానికి మాత్రమే మిగిలింది కాబట్టి అతనికి అర్థమవుతుంది గానీ నోరు తిరగదు.

"అంకుల్, పాప ఎక్కడ ట్రైనింగ్?" అని అడిగాడు.

"ట్రైనింగేటి బాబూ? సెలవులకి సుంగై సుమున్ ఎల్తే కాలవ గట్టు మీంచి కొబ్బరి మట్ట మీద జారీది. అంతే."

డారెన్ ఒక స్కీ తెచ్చి మోహనప్రియ పక్కన నిలబెట్టాడు. కొస గడ్డం దాటి పెదవుల దగ్గర ఆగింది. "చూడండి, ఇది ఓకే లా. ఈ సైజే," అన్నాడు, ఈ దేశపు అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి. అప్పుడే చెప్పాడు, ఉష్ణమండల బాలల మంచు ప్రతిభా పథకం అని ఒకటుందని, ఎంపికైన పిల్లల్ని జనవరిలో కొరియాలో శిబిరానికి పంపుతారని. టికెట్టు, తిండి, స్కీలు అన్నీ వాళ్లే ఇస్తారు. మోహనప్రియ పేరు తానే రాసి పంపుతానన్నాడు. ఒక్క స్కీ పొడవు మాత్రం విభాగం నిర్ధారించాలి. అది లేకపోతే టికెట్టు రాదు.

"చిన్న పనే అంకుల్. వన్ మినిట్."

ఆ రోజు నుంచి మోహనప్రియ మాట్లాడటం తగ్గించింది. సాయంత్రం బడి నుంచి రాగానే ఫ్రీజరు తెరిచి, చేపల పొట్లాల వెనక పేరుకున్న మంచును చెంచాతో గీకి, పళ్లెంలో పోసి, దాని మీద ఒంటికాలితో నిలబడేది. కరిగిపోయేదాకా అలాగే ఉండేది. ఒకసారి, "తాతా, కొరియా మంచు కూడా సేపల వాసనేస్తాదా?" అని అడిగింది. అప్పడికి తెలియదు. తెలియనందుకు అతనికి నిజంగా బాధ కలిగింది. ఈ పిల్లకి ఇంత చిన్న ప్రశ్నకు జవాబు దొరక్కుండా పోకూడదని ఆ క్షణాన గట్టిగా అనుకున్నాడు.

దరఖాస్తు మైసల్జీ అనే యాప్‌లో పెట్టాలి. సల్జీ అంటే మలయ్‌లో మంచు. తెరవగానే కొండ బొమ్మ వస్తుంది, దాని మీద మంచు పడుతుంది, ఫోను వేడెక్కుతుంది. ఉపవాసాల నెల, ఆఫీసులు తొందరగా మూసేస్తారు. యాప్ కూడా తొందరగానే మూసేసేది. (యాప్‌కు ఉపవాసం లేదు, కానీ తోటి ఉద్యోగుల మనోభావాలను గౌరవిస్తుంది.) ఎలాగో ఒక మధ్యాహ్నం తెరుచుకుంది. మోహనప్రియను తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, నెత్తి మీద పుస్తకం పెట్టి, పెన్సిలు గీత గీసి కొలిస్తే నూట నలభై నాలుగు సెంటీమీటర్లు వచ్చింది.

అప్పడు యాప్‌లో నూట యాభై రెండు అని కొట్టాడు.

ఇందులో మోసమేమీ లేదు. ఎస్టేట్ కూలీల లైన్ ఇళ్లలో పుట్టి పెరిగిన ఏ మనిషైనా అదే చేసేవాడు. బడి పినఫోరు (చొక్కా మీద తొడిగే నీలం గౌను) కొంటే పిల్ల కొలతకు ఎవరు కొంటారు? మోకాలి కిందికి దిగేది కొని, అంచు మడిచి కుట్టి, ఏడాదికో మడత విప్పుతారు. విప్పిన చోటల్లా ముదురు నీలం గీత పడుతుంది. ఆ గీతలు లెక్కపెట్టి పిల్ల ఎన్నో తరగతో చెప్పేయొచ్చు. బూట్లు కొంటే ముందు దూది కుక్కుతారు. ఈ లెక్కన జనవరికి పిల్ల ఎంత ఉంటుందో అప్పడు బుర్రలోనే చూసుకుని, ఎనిమిది కలిపాడు. పెరిగే పిల్లకు సరిగ్గా సరిపోయేది కొనడం అతని దృష్టిలో దుబారా.

కొన్నాళ్లకు, కొలతకు రమ్మని క్లాంగ్ నుంచి పిలుపొచ్చింది.

కౌంటర్లో శివగామి అనే ఉద్యోగిని ఉంది. ఆమె మాట్లాడేది తమిళం, రాసేది మలయ్. అప్పడికి రెండూ వచ్చు గనుక ఇక్కడ తెలుగులోనే చెప్పుకుందాం. ఎండకు రైలు పట్టాలు సాగినట్టే పౌరులు కూడా సాగే అవకాశం ఉంది కాబట్టి, కొలత ఏసీ గదిలోనే తీయాలని నిబంధన. ఏసీ చెడిపోయింది. బాగుచేసే మనిషి వచ్చాడు గానీ, గది వేడిగా ఉందని వెళ్లిపోయాడు. అది చల్లబడ్డాక మళ్లీ కబురు పెట్టారు. మళ్లీ బస్సెక్కి వెళ్లారు. మోహనప్రియ గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది.

"నూట నలభై నాలుగు," అంది శివగామి. తెర వైపు చూసింది. మళ్లీ పిల్ల వైపు చూసింది. "తాతా, ఇక్కడ నూట యాభై రెండు అని ఉంది. మిగతా ఎనిమిది ఏవి?"

"అవి ఇంకా రానేదమ్మా. వస్తాయి."

"ఎప్పుడు?"

"జనవరికి."

శివగామి జాలిగా చూసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమెకూ ఇంట్లో ఓ పిల్లాడున్నాడు, వాడి ప్యాంటూ మడిచి కుట్టిందే. "తాతా, రాబోయే ఎత్తుకు ఇందులో గడి లేదు. ఉన్న ఎత్తుకే ఉంది. మీరు ఉందన్నారు, ఇప్పుడు లేదు. ఉన్నది లేకపోతే దాన్ని పోయిందంటారు. పోయినదానికి పోలీస్ రిపోర్టు కావాలి."

డారెన్‌ను కూడా వెంటపెట్టుకుని వెళ్లి చూశారు. అతను స్కీ తెచ్చి పిల్ల గడ్డం దగ్గర పెట్టి చూపించాడు. అప్పుడే గదిలోంచి బయటికొచ్చిన డిప్యూటీ డైరెక్టర్ రోస్లాన్ ఆ ప్రదర్శనను ఓపిగ్గా తిలకించాడు. రోస్లాన్ మృదుస్వభావి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. "చాలా ఆసక్తికరంగా ఉంది," అన్నాడు. "కానీ దేశంలో గడ్డాలకు ఇంతవరకు ప్రామాణికత లేదు. కొందరికి రెండు ఉంటాయి. మేం దేన్ని పట్టుకోవాలి?" (గడ్డాల ప్రామాణీకరణ ఉపసంఘం ఆ తర్వాత ఏర్పడింది. సభ్యులందరూ గడ్డం గీసుకుని రావాలన్న అంశం మీద తొలి సమావేశం వాయిదా పడింది.)

ఇంటికెళ్లాక నాగవల్లి నెత్తి కొట్టుకుంది. "అయ్యా, ఎందుకు కలిపినావు? ఫారమనుకున్నావా, పినఫోరనుకున్నావా?"

"పిల్ల పెరగదేటి?"

"పెరుగుతాది. గవర్నమెంటుకి సెప్పి పెరుగుతాదేటి?"

అప్పడు మర్నాడే పోలీస్ స్టేషనుకు వెళ్లాడు. ఈ దేశంలో గుర్తింపు కార్డు పోయినా, పక్కింటి కోడి పోయినా రిపోర్టు రాయించే అలవాటు జనానికి ఉంది గనుక సార్జెంటు ఏమాత్రం తొణకలేదు. ఏం పోయాయని అడిగాడు. ఎనిమిది సెంటీమీటర్లు, అన్నాడు అప్పడు. రంగు అడిగాడు. అప్పడు కాస్త ఆలోచించి, చామనచాయ అన్నాడు. చివరిసారి ఎక్కడ చూశారని అడిగితే యాప్‌లో అన్నాడు. ఎవరి మీదైనా అనుమానమా అంటే, అలాంటిదేమీ లేదు, పిల్ల అందరితో మంచిగానే ఉంటుందని చెప్పాడు. సార్జెంటు రాసుకుని, అచ్చు తీసి, చాప్, అంటే ఆఫీసు ముద్ర, గుద్ది ఇచ్చాడు. ఆ తర్వాత ప్రమాణ పత్రం. కోర్టు ఎదురుగా ఉన్న మేడ మీద కుడిచేయి ఎత్తి, పోయిన సెంటీమీటర్లు తన ఇంట్లోగానీ, బంధువుల ఇళ్లలోగానీ దాచి ఉంచలేదని అప్పడు ప్రమాణం చేశాడు. అక్కడా ఒక చాప్ పడింది.

ఈలోగా ఉపవాసాలు ముగిసి హరి రాయ పండగ వచ్చింది, ఆఫీసు మూసేశారు. తెరిచాక, మూసి ఉన్నప్పుడు పేరుకున్న పని చూసి ఉద్యోగులు సెలవు పెట్టారు. చివరికి ఒకనాడు ఆమోదం వచ్చింది. మోహనప్రియ ఆమోదిత ఎత్తు: నూట నలభై నాలుగు. తదనుగుణంగా స్కీ పొడవు: నూట ఇరవై తొమ్మిది. ఇది మాల్‌లో డారెన్ మొదటి నిమిషంలో చూపించిన పొడవేనని ఎవరైనా గుర్తుచేసి ఉంటే అంతా నొచ్చుకునేవారు. ఎవరూ గుర్తుచేయలేదు.

ఇంటిల్లిపాదీ సంతోషించారు. నాగవల్లి పాయసం వండింది. ఆ పాయసం తాగుతూనే అప్పడు ఆమోద పత్రం వెనకవైపు చదివాడు. స్కీలు తయారీకి వెళ్లినందున, అవి చేతికి అందేవరకు దరఖాస్తుదారు ఆమోదిత ఎత్తులోనే కొనసాగవలెను. నెలనెలా ఎత్తు స్థిరత్వ తనిఖీ ఉంటుంది. తేడా కనిపిస్తే దరఖాస్తు మొదటికి వస్తుంది, శిబిరంలో స్థానం తదుపరి బిడ్డకు పోతుంది.

అప్పడు గ్లాసు పక్కన పెట్టేసి తలుపు చట్రం వైపు చూశాడు. మోహనప్రియను పిలిచి, గీత దగ్గర నిలబెట్టి, పుస్తకం పెట్టాడు. నూట నలభై ఆరు.

"ఏటి తాతా?" అంది పిల్ల, అతని ముఖం చూసి.

"ఏటీ నేదమ్మీ. ఎల్లి ఆడుకో."

మొదటి తనిఖీకి ముందు ఒక్కడే వెళ్లి, నిజం చెప్పేద్దామని కౌంటరు ముందు కూర్చున్నాడు. "తల్లీ, పిల్లది ఎదిగే ఒళ్లు. దాన్ని నాను ఆపలేను. స్కీలే కాస్త పెంచండి లా," అన్నాడు.

శివగామి లోపలికెళ్లి అడిగి వచ్చింది. డిప్యూటీ డైరెక్టర్ అభిప్రాయం స్పష్టంగా ఉంది: స్కీలు ఒకసారి తయారయ్యాక సాగవు. పిల్లలు సాగుతారు. ఇందులో క్రమశిక్షణ లేనిది ఎవరో చూసేవాళ్లకే తెలుస్తుంది. పైగా ఇంకో చిక్కు కూడా ఉంది, అది ఆమె గొంతు తగ్గించి చెప్పింది. ఆ సెంటీమీటర్లు పోయినట్టు పోలీస్ రిపోర్టు ఉంది. ఇప్పుడు పిల్ల ఒంటి మీద కనిపిస్తే, అవి దొరికినట్టు. దొరికితే ఎక్కడ దొరికాయో చెప్పాలి. మొదటినుంచీ పోలేదంటే అబద్ధపు రిపోర్టు, అది నేరం.

"అంటే పెరిగినందుకు కేసా?"

"పెరిగినందుకు కాదు తాతా. పెరిగింది బయటపడినందుకు."

అప్పడికి ఒళ్లు మండింది. ఎస్టేట్లో గెల పండిందో లేదో చూడకుండా కోయమన్న మేనేజర్లను చూశాడు, కోశాక పచ్చిదని జరిమానా వేసిన వాళ్లనూ చూశాడు. అప్పుడెప్పుడూ అతను నోరెత్తలేదు. ఇప్పుడు ఎత్తుదామనుకున్నాడు గానీ, ఫోల్డరులో ఆమోద పత్రం కనిపించి మళ్లీ కూర్చున్నాడు. కోపం తనది, కొరియా మాత్రం పిల్లది.

శివగామి అటూ ఇటూ చూసి, కౌంటరు మీదికి వంగి, "తాతా, నేను చెప్పానని అనకండి. మోకాళ్లు తిన్నగా ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు," అంది.

అప్పడు బస్సులో బంటింగ్ చేరేదాకా ఆ మాటే నములుతూ కూర్చున్నాడు. పిల్లలు ఏపుగా పెరగాలని చేపనూనె తాగించిన చేతులివి. తన తండ్రి వంగి బతికాడు, తను వంగి బతికాడు. ఇంట్లో నిటారుగా నడిచేది నాగవల్లి ఒక్కతే అనుకుంటే, దాని కడుపున పుట్టిన ఈ పిల్ల తల్లిని మించి తల ఎత్తుకుని నడుస్తుంది. ఆ నడక అంటే అతనికి ప్రాణం. దాన్నెలా వంగమని చెప్పడం?

చెప్పక్కర్లేకపోయింది. ఇంటికొచ్చేసరికి మోహనప్రియ అన్నం ముందు కూర్చుని ఉంది. మారు వడ్డించబోతే పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. పెరిగిపోతాను."

నాగవల్లి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పత్రం వెనకవైపు పిల్ల ఎప్పుడో చదివేసిందని వాళ్లకప్పుడు తెలిసింది. అప్పడు గరిటె అందుకుని తానే పళ్లెంలో అన్నం వడ్డించాడు.

"తినమ్మీ. కడుపు మాడ్సుకోమని రూలు నేదు. మోకాళ్లు ఒంచకూడదనీ నేదు," అన్నాడు.

ఆ రాత్రి నుంచి, కాదు, ఆ మర్నాటి ఉదయం నుంచి (రాత్రి పిల్ల కడుపునిండా తిని పడుకుంది) ఇంట్లో అభ్యాసం మొదలైంది. తలుపు చట్రం దగ్గర నిలబడి, వీపు తిన్నగా ఉంచి, మోకాళ్లు మాత్రం కాస్త ముందుకు వంచి, నెత్తి సరిగ్గా పాత గీతకు తగిలేలా ఆగాలి. దీపావళికి కొన్న పొడుగు పావడా వేస్తే లోపలి సంగతి ఎవరికీ కనిపించదు. (పావడా పిల్లకు పొడుగే. అది కొన్నది అప్పడు.) మొదట్లో కాళ్లు వణికేవి. పళ్లు తోముకునేటప్పుడు వంచి నిలబడేది, బడి ప్రార్థనలో వంచి నిలబడేది, బస్సు కోసం వంచి నిలబడేది. కొన్నాళ్లకు అలవాటైంది. ఇంకొన్నాళ్లకు, వంచమని ఎవరూ గుర్తుచేయనవసరం లేకపోయింది.

తనిఖీలు ఒకదాని తర్వాత ఒకటి గడిచాయి. ప్రతిసారీ శివగామి కొలబద్ద చూసి, పావడా వైపు చూడకుండా, నూట నలభై నాలుగు అని రాసి చాప్ కొట్టేది. ఇంట్లో మాత్రం పెన్సిలు గీతలు పైకి పాకుతూనే ఉన్నాయి. ఆఖరి తనిఖీ రోజు పొద్దున అప్పడు పిల్లను తిన్నగా నిలబెట్టి కొలిచాడు. సరిగ్గా నూట యాభై రెండు. మొదటి రోజు యాప్‌లో తాను కొట్టిన అంకె అక్షరాలా నిజమైంది. జీవితంలో ఇంత కచ్చితంగా ఏదీ ఊహించని మనిషి, ఊహించింది నిజమైందని బయటికి చెప్పుకునే వీలు లేక, రబ్బరు తీసుకుని ఆ గీతను చెరిపేశాడు.

ఆఖరి కొలత స్వయంగా రోస్లాన్ తీశాడు. మోహనప్రియ గోడకు ఆనుకుంది. రోస్లాన్ వంగి కొలబద్ద చూశాడు, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు. అప్పడు ఫోల్డరును ఛాతీకి అదుముకుని నిలబడ్డాడు. పిల్ల నుదుటి మీద చెమట పట్టింది, పావడా అంచు ఒక్కసారి వణికింది.

"నూట నలభై నాలుగు," అన్నాడు రోస్లాన్. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్ని నెలల్లో అణువంత కూడా తేడా లేదు. తాతగారూ, తొందరపడి పెరగని ఇలాంటి బిడ్డలే దేశానికి కావాలి."

"దానికి పెద్దలంటే గౌరవం సార్," అన్నాడు అప్పడు.

స్కీలు వచ్చాయి. పిల్ల పక్కన పెడితే గడ్డం దాకా కూడా రాలేదు, భుజం దాటి ఆగిపోయాయి. డారెన్ వాటిని చూసి, పిల్లను చూసి, తల గోక్కుని, "పర్లేదు లా, చిన్నదైతే టర్న్ ఈజీ," అన్నాడు. టికెట్టు కూడా వచ్చింది. మోహనప్రియ కొరియా వెళ్లింది.

అక్కడ జరిగింది డారెన్ ఫోనులో పంపిన వీడియోలో అందరూ చూశారు. ఉష్ణ దేశాల పిల్లలంతా భయంతో కాళ్లు కర్రల్లా బిగబట్టి, వెనక్కి వాలి, వరసగా పడుతున్నారు. వాళ్ల మధ్యలోంచి, మోకాళ్లు వంచి, వీపు తిన్నగా పెట్టి, మోహనప్రియ ఎక్కడా ఆగకుండా కిందికి జారిపోయింది. కొరియా కోచ్ శిబిరాన్నంతా ఆపి, ఆ పిల్లను చూడండని చూపించాడు. స్కీ చేసేవాళ్లు మొట్టమొదట నేర్వాల్సింది మోకాళ్లు వంచడమేనట, దానికే చాలామందికి వారాలు పడుతుందట. ఈ పిల్లకు ఎవరు నేర్పారని అడిగాడట. మోహనప్రియ, మా ఆఫీసులో నేర్పారు, అని చెప్పిందట.

బంటింగ్‌లో ఆ వీడియో చూసి అప్పడు కళ్లు తుడుచుకున్నాడు. నాగవల్లి ఫ్యాక్టరీలో షిఫ్టు మొత్తానికి చూపించింది. విభాగం కూడా చూసింది. శాస్త్రీయ స్కీ పొడవు నిర్ధారణ సాధించిన విజయం అని ప్రకటన వెలువడింది, పక్కన రోస్లాన్ ఫోటో వేశారు. (ఫోటోలో అతను తిన్నగా నిలబడి ఉన్నాడు. అధికారులకు మినహాయింపు ఉంది.) ఈ అనుభవం వెలుగులో నిబంధనలు సవరించి, ఇకపై దరఖాస్తుదారులందరినీ మోకాళ్లు వంచే కొలవాలని తీర్మానించారు. అందుకు తగిన కొత్త ఫారం తయారీలో ఉంది.

తిరిగొచ్చే రోజు అప్పడు, నాగవల్లి విమానాశ్రయంలో ఎదురుచూశారు. తలుపులు తెరుచుకుని జనం బయటికి వస్తున్నారు. మోహనప్రియ ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. ముఖం ఎండకు కాదు, చలికి నల్లబడింది. మోకాళ్లు కాస్త ముందుకు వంచి నడుస్తోంది, ట్రాలీ బరువుకనుకున్నాడు అప్పడు. దగ్గరికొచ్చి ట్రాలీ వదిలేశాక కూడా అలాగే నిలబడింది. నెత్తి సరిగ్గా పాత గీత ఎత్తులో ఉంది.

"తాతా," అంది, కళ్లు మెరుస్తుండగా. "కొరియా మంచు సేపల వాసనెయ్యదు. దానికి వాసనే నేదు."

"అవునా అమ్మీ," అన్నాడు అప్పడు. ఇన్ని నెలలు మోసిన ప్రశ్నకు జవాబు దొరికింది గానీ, అతని చూపు పిల్ల మోకాళ్ల మీదే ఉంది. భుజం పట్టుకుని, తన వంగిన నడుము చేతనైనంత నిలబెట్టి, మెల్లగా చెప్పాడు. "అంతా అయిపోనాది కదమ్మా. ఇంక సాలు. తిన్నగా నిలబడు."

మోహనప్రియ అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది.

"దానికి ఆమోదం వచ్చినాదా తాతా?"